వాళ్లు పరిగెడితే జాగింగ్, మనం పరిగెడితే పారిపోవడం

తిరుపతిలో తెల్లారకముందే పరుగుకు పోయేవాళ్లకు చికాకులు కొత్త కాదు. సందు సందుకూ కుక్కల గుంపు. రాంగ్ రూట్లో లైట్లు కొట్టుకుంటా వచ్చే బైకులు. కొండకు పోయే టెంపో ఆపి "అలిపిరికి ఎట్ల పోవాల బాబూ?" అని అడిగేవాళ్లు. ఊపిరి ఆడకున్నా దారి చెప్పాల్సిందే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపినాక కొండ పక్క రోడ్డులో ఆకు కదిలినా గుండె ఝల్లుమంటాది. అమ్మాయిలకైతే బండి స్లో చేసుకుని పక్కనే వచ్చే పోకిరీలు అదనం. దాని గురించి మన చెల్లెళ్లే రాయాల, నాకన్నా బాగా రాస్తారు.

ఇవి అందరికీ ఉండేవే. ఒక్కటి మాత్రం కొందరికే.

"ఏమ్రా, యాడికి పరిగెత్తుతా ఉండావ్?"

మంచి షూ, చెవిలో ఇయర్‌బడ్స్ ఉన్న సారును ఈ మాట ఎవరూ అడగరు. పాత టీషర్టు, వట్టి కాళ్లతో పోయే నల్లటి పిల్లోణ్ణి అడుగుతారు. రాత్రి గస్తీ అన్నాక అడగడం తప్పు కాదు. రెండో ప్రశ్న దగ్గరే కథ మారతాది: "యాడుంటావ్?" ఎస్టీ కాలనీ అని చెప్పగానే గొంతు మారతాది. ఫోన్ ఇయ్యమంటారు, ఫోటో తీసుకుంటారు. పోయిన ఏడాది నన్ను రెండుసార్లు ఆపినారు. రెండోసారి నాతోపాటు ఒకే కోచింగ్‌లో చదివే స్నేహితుడు ఉన్నాడు. వానికి "నువ్వు పో బాబూ". నాకు అరగంట నిలబడటం.

ఈ అనుమానం నిన్న మొన్న పుట్టింది కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చినారు. చిత్తూరు జిల్లా ఏర్పడిందీ ఆ ఏడాదే. ఆ చట్టం కింద ఎరుకల వాళ్లు పుట్టుకతోనే దొంగలైపోయినారు. హాజరు వేయించుకోవాల, ఊరు దాటాలంటే పాసు ఉండాల. 1952లో చట్టం పోయింది. చూపు పోలేదు.

మన ఊర్లో దానికి ఇంకోటి తోడైంది, ఎర్రచందనం. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది తమిళనాడు కూలీలను కాల్చి చంపినారు. వాళ్లలో జవ్వాది కొండల ఆదివాసీలూ ఉన్నారు. కొండ వైపు నుంచి చీకట్లో పరిగెత్తుకొచ్చే మనోణ్ణి చూస్తే ఎవరికి ఏం గుర్తొస్తాదో వేరే చెప్పాలా? ఇది మనకే కాదు. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియాలో అహ్మద్ ఆర్బరీ అనే 25 ఏళ్ల నల్లజాతి యువకుడు పట్టపగలు పరుగు తీస్తుంటే, దొంగ అనుకుని ముగ్గురు తెల్లవాళ్లు ట్రక్కుల్లో వెంటాడినారు. అందులో ఒకడు కాల్చి చంపినాడు.

ఇంతకీ మనోళ్లు ఎందుకు పరిగెత్తుతా ఉండారు? చాలామంది కానిస్టేబుల్ ఉద్యోగం కోసం. మగవాళ్లు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్లు పదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాల. ఏడింటికి కూలి పనికి పోయేటోడు నాలుగున్నరకు కాక ఎప్పుడు ప్రాక్టీస్ చేస్తాడు? పోలీసు కావాలని పరిగెత్తేటోణ్ణి దొంగని ఆపుతా ఉండారు.

"హాల్‌టికెట్ జిరాక్స్ జేబులో పెట్టుకో, ఆపితే చూపించు" అని పెద్దోళ్లు చెప్తారు. వాళ్లది ప్రేమే, నేనూ పెట్టుకుంటా. కానీ మా తాతల కాలం పాసుకూ దీనికీ తేడా ఏంది? ఆ స్నేహితుని జేబులో ఏ కాగితమూ లేదే!

విముక్త జాతుల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసు తీర్పులో సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పింది. ఆ తీర్పు గస్తీ తిరిగే వాళ్ల దాకా చేరాల. చేర్చే పని మనదే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిమ్మల్ని ఆపితే అక్కడ వాదన పెట్టుకోవద్దు. ఇంటికొచ్చినాక తేదీ, టైము, చోటు, అడిగిన మాటలు, బండి నంబరు రాసిపెట్టండి. కులం పేరుతో నలుగురి ముందు తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది, అది వేరే ఫిర్యాదు. రాసినవన్నీ ఒకచోట చేర్చి, అందరం కలిసి ఎస్పీ ఆఫీసుకు పోదాం.