థర్మోకోల్ బొమ్మకు బహుమతి ఎందుకు?

కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదవండి. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు రాత తర్వాత పట్టుకున్నది. అక్షరం తప్పితే దిద్దండి, జవాబు మాత్రం విషయానికి చెప్పండి.

ఈసారి వార్షికోత్సవంలో మన ఇళ్లలో బి.ఎడ్., డి.ఎల్.ఎడ్. చదువుతున్న పిల్లలకు లెక్కల నమూనాల పోటీ పెట్టి, అందంగా ఉన్నదానికి బహుమతి ఇవ్వాలని కమిటీలో మాట వచ్చింది. నేను ఒప్పుకోను. డబ్బు ఖర్చు పెట్టవద్దని నా మాట కాదు. దేనికి పెడుతున్నామన్నదే నా పేచీ.

నమూనా అంటే ఎలా ఉంటుందో మనందరం చూశాం. థర్మోకోల్ పలక, మెరుపు కాగితం, నడుమ పైథాగరస్ త్రిభుజం, కింద పిల్ల పేరు. తీరిక లేనివాళ్లకు చేసిపెట్టి అమ్మే అంగళ్లున్నాయి. రికార్డు నోటు డబ్బుకు రాసిపెట్టేవాళ్లూ ఉన్నారు. పరీక్షకు బయటినుంచి వచ్చినాయన నిలబడి చూసి మార్కు వేస్తాడు. ఆ తర్వాత అది బీరువా మీదికి ఎక్కుతుంది. దానితో ఏ పిల్లవాడు ఏం చేశాడు, ఏం అడిగాడు, ఎక్కడ తికమకపడ్డాడు అని ఎవరూ అడగరు. ఎందుకంటే దాన్ని పిల్లవాడు ముట్టుకోనే లేదు.

యాక్టివిటీ అంటే, ఆంధ్రా పుస్తకాల్లో కృత్యం అంటారే, అది వస్తువు కాదండీ. పిల్లవాడి చేతికి ఏ పని ఇస్తాం, ఏ అంకెతో ఇస్తాం, వాడు తప్పుదోవ పడితే తర్వాత ఏం అడుగుతాం, అదీ కృత్యం.

మన వాకిలి ముగ్గే తీసుకోండి. మధ్య వరుసలో ఏడు చుక్కలు, పైకీ కిందికీ రెండేసి తగ్గించుకుంటూ ఒకటి దాకా. మొత్తం ఎన్ని చుక్కలు? లెక్కపెడితే ఇరవై ఐదు. వెంటనే పిల్లలు ‘ఐదైదులు ఇరవై ఐదు’ అని అరుస్తారు. టీచరమ్మకు సంతోషం, పాఠం అయిపోయింది అనుకుంటుంది. కానీ పిల్లలకు పట్టుబడింది తప్పు దారి. మధ్యలో ఐదు చుక్కలు పెట్టించండి. 1, 3, 5, 3, 1, కలిపితే పదమూడు. పదమూడు ఏ అంకెను దానితోనే గుణిస్తే వస్తుంది? రాదు. అప్పుడు పిల్లలు ఆగుతారు. అక్కడ తల కాస్త పక్కకు వంచి ముగ్గును ఏటవాలుగా చూడమనాలి. వరుసకు మూడు చుక్కలు, రెండు, మూడు, రెండు, మూడు. అంటే మూడు మూళ్లు తొమ్మిది, రెండు రెళ్లు నాలుగు, కలిపితే పదమూడు. ఇప్పుడు ఏడు చుక్కల ముగ్గుకు తిరిగి రండి: 4, 3, 4, 3, 4, 3, 4. నాలుగు నాలుగులు పదహారు, మూడు మూళ్లు తొమ్మిది, ఇరవై ఐదు. తొమ్మిది చుక్కలతో వేస్తే ఎంత వస్తుందో పిల్లలే ముందుగా చెప్పేస్తారు: ఇరవై ఐదూ పదహారూ, నలభై ఒకటి.

ఇందులో మెలకువ అంతా ఐదు ముందా, ఏడు ముందా అన్నదే. ఏడు ముందిస్తే అబద్ధం నిజంలా కనబడుతుంది. ఐదు ముందిచ్చి, తర్వాత ఏడు ఇచ్చి, ‘ఐదైదులు’ అన్నవాడితో వాదం పెట్టుకుంటే పాఠం నడుస్తుంది. ఇది ఏ ఛార్టు చూసీ తెలియదు. శిక్షణలో ఉన్న అమ్మాయి తానే నేలమీద కూర్చుని ముగ్గు వేయాలి, ఆ తర్వాత నలుగురు పిల్లల ముందు వేయించాలి, వాళ్ల తప్పు కూత చెవిన పడాలి, ఇంటికి వచ్చి అంకె మార్చి మర్నాడు మళ్లీ చేయించాలి. లెక్కల టీచరుకు కృత్యం తయారు చేయడం వచ్చేది అలాగే.

కార్డులూ సామగ్రీ అందిస్తే చాలు అనేవాళ్లు మన తమిళనాడునే చూడండి. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడులకోసం నడిపిన కార్డుల పద్ధతి చూసి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టారు. 2007-08కి రాష్ట్రమంతా పాకింది. పిల్లలు నేలమీద గుంపులుగా కూర్చోవడం, మెట్టు తర్వాత మెట్టుగా కార్డులు, ఎవడి వేగం వాడిది. మంచి ఆలోచన, నేను తప్పుపట్టను. కానీ ఒక కార్డు తర్వాత ఇంకో కార్డు ఎందుకు వస్తుందో తెలిసిన టీచరు చేతిలో అది పాఠం. తెలియని టీచరు చేతిలో అది బుకింగ్ కౌంటర్: కార్డు ఇవ్వు, తీసుకో, గుర్తు పెట్టు. ఆ కౌంటర్ పని ఎంత బాగా చేసినా ప్రయాణికుడు ఏ ఊరికి ఎందుకు పోతున్నాడో మనకు తెలియదు, రైల్వేలో చేసినవాణ్ణి చెబుతున్నాను. 2022లో ‘ఎణ్ణుం ఎళుత్తుం’ వచ్చింది, చిన్న తరగతులకు మళ్లీ కృత్యాలే. రేపు ఇంకొకటి వస్తుంది. పథకం మారినప్పుడల్లా మన పిల్లలు కొత్త డబ్బా కోసం చూడాలా?

ఇంకోటి, మన పిల్లలకే ప్రత్యేకంగా పనికివచ్చేది. తమిళంలో 90ని తొన్నూరు అంటాం, అందులో నూరు వినబడుతుంది. 900 తొళ్లాయిరం, అందులో ఆయిరం వినబడుతుంది. మాట విని అంకె వేసే చిన్నపిల్లకు ఎంత గందరగోళమో ఆలోచించండి. తెలుగులో తొంభై, తొమ్మిది వందలు, గొడవ లేదు. కానీ మన పదకొండు, పన్నెండు మాత్రం ఏం తేటగా ఉన్నాయి? పదీ ఒకటీ అని చెవికి వినబడవు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం విన్న మన అమ్మాయిలకు ఈ రెండు చిక్కులూ తెలుసు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టించి, ఏ మాట దగ్గర పిల్ల చెయ్యి ఆగుతుందో చూసి పాఠం అల్లుకోగలరు. ఇది వాళ్ల సొంత ఆస్తి. థర్మోకోల్ మీద దీన్ని ఎక్కడ అతికిస్తారు?

‘కాలేజీలో రికార్డు అడుగుతారు, మార్కులు దానికే’ అంటారు. అడుగుతారు, నిజమే. ఆ రికార్డు వాళ్లు ఎలాగూ రాస్తారు, దానికి కాలేజీ మార్కులు ఇస్తుంది. దానికే మనమూ దండ వేయడం దేనికి? బి.ఎడ్. రెండేళ్లయ్యాక ఇరవై వారాలు బడితో పని ఉండాలని నిబంధన పెట్టారు. ఆ వారాలు హాజరు సంతకాలకూ, రాని టీచర్ల క్లాసులు చూసుకోవడానికీ పోతున్నాయని మన పిల్లలే చెబుతున్నారు. వాళ్లకు కరువైంది నలుగురు పిల్లలూ, ఒక గంటా, తప్పినా మార్కు పోని చోటూ. మన సంఘానికి హాలు ఉంది. వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉంటుంది.

‘స్టేజీ మీద కనబడాలి కదా, తల్లిదండ్రులు సంతోషపడాలి కదా’ అని ఒక పెద్దాయన అన్నారు. వారిపై గౌరవంతోనే అడుగుతున్నాను, స్టేజీ ఎవరికోసమండీ? బహుమతి ఇవ్వాలనే ఉంటే ఇలా ఇవ్వండి: ఒకే కృత్యాన్ని మూడుసార్లు పిల్లలతో చేయించి, మొదటిసారి ఏం జరిగింది, పిల్లలు అన్న మాటలేమిటి, మూడోసారికి ఏం మార్చారు అని రెండు పేజీలు రాసినవాళ్లకు. తెలుగులో రాసినా సరే, తమిళంలో రాసినా సరే. చూడ్డానికి ఏమీ ఉండదు, ఫోటోకు బాగుండదు. తీర్పు చెప్పేవాళ్లు మాత్రం ఆ రెండు పేజీలూ చదవాలి. అదే కష్టం అనుకుంటాను.

ఆదివారం సమావేశంలో నమూనాల పోటీ తీర్మానం పెడితే నేను వ్యతిరేకంగా చెయ్యి ఎత్తుతాను, ముందే చెబుతున్నాను. పోటీ సంగతి ఎలా తేలినా శనివారం సాయంత్రం ఐదింటికి హాలు తాళం తీయించే బాధ్యత నాది. మూడు నుంచి ఐదో తరగతి పిల్లలున్నవాళ్లు పంపండి. శిక్షణలో ఉన్న అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరు వచ్చినా చాలు. ముగ్గుపిండి మా ఇంటినుంచి తెస్తాను.