ఆకుపచ్చ తీగ ఎక్కడికి పోయింది?

మా ఇంటి వెనక రెండు గదులు అద్దెకిచ్చాం. మొన్న మే నెలలో ఓ మిట్టమధ్యాహ్నం అటునుంచి కేక వినిపించింది. పరుగున వెళ్ళేసరికి ఏడేళ్ళ పిల్ల కూలర్‌కి రెండడుగుల దూరంలో చతికిలబడి, కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఏడుస్తోంది. కూలర్‌లో నీళ్ళు పోస్తూ ఇనప డబ్బాని ముట్టుకుందట. కాళ్ళకి చెప్పుల్లేవు, నేలంతా తడి. చెయ్యి విదిలించుకుని వెనక్కి పడింది కాబట్టి బతికింది. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "ఏటి పిన్నీ, ఇలాగయింది" అంది, అంతే. ఆ గదులకి పదకొండేళ్ళుగా అద్దె తీసుకుంటున్నది నేనే.

సాయంత్రం కరెంటు పనిచేసే కుర్రాణ్ణి పిలిచాం. మన తెలుగు పిల్లాడే, బాగ్‌బేరాలోనే పుట్టాడు. "మెయిన్ దగ్గర ఎమ్‌సీబీ పెట్టించాం కదరా, ఎందుకు పడలేదు?" అని అడిగాను. "అత్తా, అది తీగ కాలిపోకుండా చూడ్డానికి. మనిషి కోసం కాదు" అన్నాడు. మా ఎమ్‌సీబీ పదహారు యాంపియర్లది. అంటే కరెంటు అంతకు మించి లాగితే గానీ పడదు. మనిషి ప్రాణం పోవడానికి మిల్లీ యాంపియర్ల లెక్క చాలు, అంటే యాంపియర్‌లో వెయ్యో వంతుల్లో. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలగడానికి సుమారు 40 మిల్లీ యాంపియర్లు కావాలి. ఆ మాత్రం కరెంటు గుండె మీదుగా పారినా ప్రమాదమే. పదహారు యాంపియర్లంటే పదహారు వేల మిల్లీ యాంపియర్లు. ఇంట్లో ఎవరికేమైనా ఆ ఎమ్‌సీబీకి తెలియనే తెలియదు.

వాడు గోడమీది స్విచ్ బోర్డు విప్పాడు. నేను టార్చిలైటు పట్టుకున్నాను. లోపల బొద్దింక గుడ్ల తొడుగులు, దుమ్ము, పాలిథిన్ కాగితం చుట్టిన రెండు అతుకులు. మూడు కన్నాల సాకెట్‌లో పైనున్న పెద్ద కన్నానికి తీగే లేదు. కారిన కరెంటుని నేలలోకి పంపే ఎర్తు తీగ, ఆ ఆకుపచ్చది, పైపులోంచి బోర్డు దాకా వచ్చింది. కొన కోసి, లోపలికి మడిచి, వదిలేశారు. దాని రెండో కొస కోసం మీటరు దాకా వెతికాం. అక్కడా అంతే, దేనికీ తగిలించలేదు. "ఈ తీగ ఎక్కడికీ పోలేదత్తా" అన్నాడు వాడు. ముప్ఫై ఏళ్ళుగా గోడలో ఉన్న తీగ అది. వేయించింది మా ఆయన. డబ్బులిచ్చింది నేను.

బాగ్‌బేరా సంగతి తెలియనివాళ్ళకి ఓ మాట. జంషెడ్‌పూర్‌లో టాటానగర్ స్టేషన్ పక్కనే మా పేట. బిష్టుపూర్, కద్మా, సాక్చీల్లా టాటా కంపెనీ లీజు భూమి కాదు. అక్కడి క్వార్టర్లలో వైరింగు కంపెనీ మనుషులు చూసుకుంటారు. ఇక్కడ ఎవరి ఇల్లు వాళ్ళది, ఎవరి తీగ వాళ్ళది. మా నాన్న టెక్కలి దగ్గరి పల్లె నుంచి 1958లో రైల్వే ఖలాసీగా వచ్చారు. నాతో చదువుకున్న తెలుగు పిల్లల తండ్రులు చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి అలా వచ్చినవాళ్ళే, కొందరు రైల్వేకి, కొందరు కార్ఖానాకి. ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నాం, ఇక్కడే మనవల్ని ఎత్తుకున్నాం. అయినా "ఊరెళ్తున్నాం" అంటే మాకు ఇప్పటికీ టెక్కలే.

నా ఫిర్యాదంతా ఈ 'ఊరు' మీదే. మా తోడికోడలు వాళ్ళు ఊళ్ళో కొత్త ఇల్లు కట్టారు. హాలు చుట్టూ రంగురంగుల ఎల్‌ఈడీ పట్టీలు, బాత్‌రూములో మనిషి అడుగు పెడితే వెలిగే లైటు, పడగ్గదికి ఏసీ. సంక్రాంతికి వారం రోజులు, అమ్మవారి పండక్కి నాలుగు రోజులు ఉంటారు. మిగతా పదకొండు నెలల పైన బాగ్‌బేరాలో వాళ్ళ ఫ్రిజ్ ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడుస్తుంది. ఇస్త్రీపెట్టెకి ప్లగ్ లేదు, ఉత్త తీగలు సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లతో బిగిస్తారు. అదేమిటని అడిగితే "ఇక్కడెన్నాళ్ళుంటాం అక్కా" అంటుంది. నలభై రెండేళ్ళనుంచి అదే మాట. నన్నూ కలుపుకునే చెబుతున్నాను: ఉండని ఇంటికి సోకు, ఉన్న ఇంటికి అతుకులు.

ఇప్పుడు ఖర్చు. ఎర్తు కోసం పెరట్లో తులసికోట పక్కన గుంట తవ్వించాం. మోకాలి లోతు దాటగానే మొరం తగిలింది, పలుగుతో ఒక పూటంతా పట్టింది. ఇనప పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి పూడ్చి, అక్కణ్ణించి మీటరు దగ్గరికి తీగ లాగారు. నేల ఎండిపోతే ఎర్తు సరిగ్గా పనిచెయ్యదట, ఎండాకాలం నీళ్ళు పొయ్యాలి. అందుకే తులసమ్మకి ఒక చెంబు, దానికి ఒక బకెట్టు. ఆకుపచ్చ తీగకి ఇన్నాళ్ళకి ఒక గమ్యం దొరికింది. తర్వాత మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ పెట్టించాం, ముప్ఫై మిల్లీ యాంపియర్లది. అది చేసే పని మా అమ్మ పాలవాడి లెక్క చూసినట్టే ఉంటుంది. ఒక తీగలో వెళ్ళిన కరెంటు రెండో తీగలో అంతే తిరిగొచ్చిందా లేదా? తక్కువొచ్చిందంటే ఎక్కడో కారుతోంది, కూలర్ డబ్బాలోకో మనిషి ఒంట్లోకో. రెప్పపాటులో కట్ చేసేస్తుంది. గుంట, తీగ, ఆర్‌సీసీబీ, మూడు కొత్త సాకెట్లు, కూలీ అంతా కలిపి నాకు 6,200 రూపాయలైంది. వెనక గదుల అద్దె రెండు నెలలది కూడా కాదు.

పెట్టిన నాలుగో రోజు నుంచి అది పడటం మొదలుపెట్టింది. రాత్రి తొమ్మిదికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. మా ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. "తీసి అవతల పారేయించు, పాతదే నయం" అన్నారు. పక్కవీధిలో ఒకాయన నిజంగానే అలా పడుతోందని తీగ బయటినుంచి తిప్పించేసుకున్నాడు, డబ్బా మాత్రం గోడకి అందంగా ఉంది. మా కుర్రాడు మాత్రం ఒక్కొక్క ప్లగ్గూ తీస్తూ, పెడుతూ గంటసేపు వెతికాడు. దొంగ దొరికాడు. నా మిక్సీ! అడుగున నీళ్ళు దిగి, ఇనప భాగానికి కరెంటు కారుతోంది. రోజూ తడిచేత్తో నేను పట్టుకునే మిక్సీ అది. ఊరికే పడుతోందని తిట్టుకునేవాళ్ళకి ఇదే చెబుతాను, అది ఊరికే పడదు.

చలికాలం నీళ్ళు కాచుకునే రాడ్డు గురించి కూడా చెప్పాలి. జంషెడ్‌పూర్ చలికి బకెట్‌లో రాడ్డు పెట్టని ఇల్లు మా వీధిలో తక్కువ. పదిహేను వందల వాట్ల రాడ్డు ఆరున్నర యాంపియర్లు లాగుతుంది. మనం దాన్ని గుచ్చేది ఆరు యాంపియర్ల చిన్న సాకెట్‌లో, మధ్యలో ఒక కన్వర్టర్ ప్లగ్ పెట్టి. మీ బోర్డు మీద గోధుమరంగు మచ్చ, కాలిన రబ్బరు వాసన ఉంటే కారణం చాలాసార్లు అదే. పదహారు యాంపియర్ల సాకెట్, దానికి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించండి. ఇక ఖర్కై నది పొంగితే నీళ్ళొచ్చే నయాబస్తీ లోతట్టు ఇళ్ళవాళ్ళు సాకెట్లని నడుం ఎత్తుకి మార్పించుకోవాలి. నిరుడు నీళ్ళు ఎందాకా వచ్చాయో గోడమీది చారే చెబుతుంది.

పొదుపు గురించి రెండు ముక్కలు. 2024 నుంచి జార్ఖండ్‌లో నెలకి 200 యూనిట్ల లోపు వాడే ఇళ్ళకి బిల్లు లేదు. మాకు మీటరు ఒకటే, కాపురాలు మూడు. ఎండాకాలం 260, 270 చూపిస్తుంది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 28 నుంచి 35. రోజుకి పదిహేను గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకి నెలకి ఇరవై యూనిట్లు తగ్గుతాయి. రెండు మార్చాం, ఇంకా 200 లోపుకి రాలేదు. మిగతా రెండూ వచ్చే వేసవికి. ఎల్‌ఈడీ బల్బులు ఎప్పుడో వేసుకున్నాం, అందరూ వేసుకున్నారు. బిల్లు తగ్గించేదైతే మనవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. దేశంలో ఏటా పది వేలమందికి పైగా కరెంటు షాకుతో పోతున్నారని నేరాల రికార్డుల బ్యూరో లెక్క. ఆ లెక్క మాత్రం ఏ ఇంటి బిల్లులోనూ కనిపించదు. అందుకే నన్నడిగితే ఫ్యాను కంటే ముందు ఎర్తు.

ఎర్తు, ఆర్‌సీసీబీ అద్దెకున్నవాళ్ళు పెట్టుకోవాలా, ఇంటివాళ్ళు పెట్టించాలా అని కొందరు వాదిస్తున్నారు. ఇందులో వాదనేమీ లేదు. గోడ ఎవరిదో తీగ వాళ్ళది. గదులకి సున్నం కొట్టించి అద్దె అయిదొందలు పెంచే ముందు ఆ అయిదొందలిచ్చి కరెంటు పనిచేసే కుర్రాణ్ణి పిలవండి, బోర్డు ఒకటి విప్పించి మీ కళ్ళతో చూడండి.

ఆర్‌సీసీబీ మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే మీట టప్పున కిందికి పడాలి, పడకపోతే అది చెడిపోయినట్టు. ఒకటో తారీఖున వెనక గదులకి వెళ్ళినప్పుడు ఆ పిల్ల చేతే నొక్కిస్తున్నాను. మీట పడ్డాకే అద్దె అడుగుతున్నాను.