ఆడియో ఒక్కసారే

అమీర్‌పేటలో ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌కు చేరే కుర్రాళ్లలో చాలామందికి బెంగంతా గ్రామర్ గురించే. నిజానికి ఆ ఇంగ్లిష్ పరీక్షలో గ్రామర్‌కు విడిగా పేపరే లేదు. రైటింగ్, స్పీకింగుల్లో నాలుగో వంతు మార్కులు మాత్రం దానివి. అసలు గండం లిజనింగ్‌లో ఉంది. నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, దాదాపు 30 నిమిషాలు, ఆడియో ఒక్కసారే. అందులో మాట్లాడేవాళ్లు ముందు మంగళవారం అంటారు, అంతలోనే కాదు గురువారం అని దిద్దుకుంటారు. తొందరపడి రాసేసినవారికి మార్కు పోయినట్టే. రెండు మాటలకు మించకూడదన్నచోట మూడు రాసినా, స్పెల్లింగ్ తప్పినా, బహువచనపు ‘ఎస్’ వదిలేసినా అంతే. ఆ చివరి ‘ఎస్’తోనే మనవాళ్లకు పెద్ద చిక్కు (బస్సు, కారు అంటూ ప్రతి మాట చివరా అచ్చు తగిలించుకునే చెవులాయె!). అది వినపడకపోయినా, ముందు ‘మెనీ’ లాంటి మాట ఉంటే అదే పట్టిచ్చేస్తుంది. గ్రామర్ అక్కరకొచ్చేది అక్కడే. టెన్సుల పట్టికలు బట్టీ పట్టించి, మాక్ టెస్టుల మీద మాక్ టెస్టులు పెట్టే కోచింగ్ శుద్ధ దండగ. దానికి బదులు, సాధనలో ఆడియో స్క్రిప్టు ముందు పెట్టుకుని, తప్పిన ప్రతి జవాబూ ఎందుకు తప్పిందో తేలేదాకా అదే రికార్డింగు మళ్లీ వినాలి. ఫీజు కట్టేముందు, ఆ పని చేయించే మాస్టారు అక్కడ ఉన్నారో లేదో కనుక్కోండి.