యానాంలో పెళ్ళి, బడంగ్‌పేట్‌లో ప్లాటు

మొన్న ఆదివారం ఇద్దరు కొలీగ్స్ మా ఇంటికి భోజనానికొచ్చారు. మా బడంగ్‌పేట్ సందులో నీళ్ళ ట్యాంకర్ అడ్డంగా ఆగింది. వెనకాల వాళ్ళ కారు అరగంట ఇరుక్కుంది. లోపలికొస్తూనే ఒకడు మొదలెట్టాడు: "అసలు మనల్ని ఇంగ్లీషోళ్ళు కాకుండా ఫ్రెంచోళ్ళు ఏలుంటే ఈ ఖర్మ ఉండేది కాదు మామా. పాండిచ్చేరి చూడు, వీధులు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి!"

నాకు నవ్వొచ్చింది. మాది కాకినాడ. ఫ్రెంచి వాళ్ళు ఏలిన తెలుగు ఊరు యానాం మాకు ముప్ఫై కిలోమీటర్లు కూడా ఉండదు. పాండిచ్చేరి బీచ్ రోడ్డులో ఫోటోలు దిగినవాళ్ళకి యానాం కథ చెప్పాలనిపించింది. ఆరోజు పప్పుచారు మధ్యలో చెప్పింది సగమే, మిగతా సగం ఇక్కడ.

ఫ్రెంచి వాళ్ళు 1723లో యానాంలో దిగారు. బట్టల వ్యాపారం కోసం. గిట్టుబాటు కాక 1727లో మూసేశారు. 1731లో మళ్ళీ తెరిచారు. మన భాషలో చెప్పాలంటే పైలట్ ప్రాజెక్టు ఫెయిలైతే నాలుగేళ్ళకి రీలాంచ్ అన్నమాట :) 1753లో బుస్సీ పుణ్యమా అని ఉత్తర సర్కారులు మొత్తం వాళ్ళ చేతికొచ్చాయి. అది ఎన్నాళ్ళుందనుకున్నారు? 1758 చివర్లో చందుర్తి యుద్ధంలో ఓడారు, 1759లో బందరూ పోయింది. మిగిలింది యానాం లాంటి చుక్కలే. వాటిని కూడా యూరప్‌లో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు వాళ్ళు లాక్కునేవారు, సంధి కుదిరితే ఇచ్చేవారు. 1778లో ఒకసారి, 1793లో ఇంకోసారి. చివరికి చేతికొచ్చింది 1816లో. అదీ షరతులతో: కోటలు కట్టకూడదు, పోలీసు పనికి సరిపడా తప్ప సైన్యం ఉండకూడదు. ఉప్పు సంగతి ఇంకా తమాషా. 1815 ఒప్పందం ప్రకారం ఉప్పు వ్యాపారం ఇంగ్లీషు వాళ్ళకి వదిలేసుకుని, బదులుగా ఏడాదికి నాలుగు లక్షల సిక్కా రూపాయలు పుచ్చుకున్నారు. సముద్రం పక్కన కాలనీలు పెట్టుకుని ఉప్పు చేయనందుకు అద్దె తీసుకోవడం!

మరి పాలన? గవర్నరు ఉండేది పాండిచ్చేరిలో, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైన దూరం. యానాంలో ఆయన తరఫున ఒక అధికారి. 1880లో మున్సిపాలిటీ వచ్చింది. ఫ్రెంచి ఇండియా నుంచి పారిస్ పార్లమెంటుకి ఒక సభ్యుడు కూడా వెళ్ళేవాడు. ఇంగ్లీషు ఇండియాలో అప్పటికి అలాంటిది ఊహకి కూడా లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ ఓటర్ల జాబితాలు వేరువేరు. యూరోపియన్లకొకటి, మనవాళ్ళకి వేరే. ఓటు ఉంది, అందరి ఓటు బరువూ ఒకటి కాదు.

జనం మాటకొస్తే, 1901లో ఆ కాలనీ మొత్తం జనాభా 5,005. ఇప్పటి మన గేటెడ్ కమ్యూనిటీలు ఒకట్రెండు కలిపితే సరి. పైగా ఊళ్ళోకి జనాన్ని తేవాల్సిన సర్కారు తన హయాంలో బయటికి పంపింది. 1828లో లా తుర్క్వాజ్ అనే ఓడ యానాం నుంచి పదిహేను మంది తెలుగు కూలీలని ఒప్పందం మీద రీయూనియన్ ద్వీపానికి తీసుకెళ్ళింది. చెరకు తోటల్లో పనికి. మన ఆన్‌సైట్ కష్టాలని దానితో పోల్చను, ఆ పాపం నాకెందుకు. కాకపోతే అగ్రిమెంటు మీద సముద్రం దాటిన తెలుగువాళ్ళలో వాళ్ళు తొలివరస అని మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఊరికి జనం వచ్చింది మాత్రం వేరే దారిలో. శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండాలి. ఆ చట్టం బ్రిటిష్ ఇండియాకే. యానాం ఫ్రాన్సు కదా! ఇంకేముంది, చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు పిల్లల్ని తీసుకుని బారులు తీరారు. ఊరికి కల్యాణపురం అన్న పేరొచ్చింది.

ఆ బారులో మా తాతమ్మ ఉంది. ఎనిమిదో ఏట పెళ్ళి. నేను నాలుగో ఐదో చదివేటప్పుడు చెప్పేది: "పెళ్ళి గుర్తులేదురా. పక్క పందిట్లో పిల్ల ఏడుస్తోందని నేనూ ఏడ్చాను, అది గుర్తుంది." అప్పటికి ఆవిడ పలక మీద గుణింతాలు రాస్తోందట. ఆ తర్వాత బడికి పోలేదు. చివరిదాకా పెన్షన్ కాగితం మీద వేలిముద్రే. చిన్నప్పుడు నాకది సరదా కథ. ఇప్పుడు కాదు.

ఇదీ నేను మావాడికి చెప్పదలుచుకున్నది. యానాం పిల్లల పెళ్ళిళ్ళు ఫ్రెంచి వాళ్ళు దుర్మార్గులై జరిపించలేదు. వాళ్ళకి పట్టలేదు, అంతే. ఎక్కడో కూర్చున్న సర్కారుకి ఆ ఊరు లెక్కల పుస్తకంలో ఒక వరస. వాళ్ళ చట్టానికీ పక్కవాళ్ళ చట్టానికీ మధ్య ఉన్న సందులో ఊరు బతికింది. ఇప్పటికీ చౌక మందు కోసం, పెట్రోలు కోసం మావాళ్ళు ఆ సరిహద్దు దాటుతూనే ఉంటారు. దొర మంచివాడా చెడ్డవాడా అన్నది రెండో ప్రశ్న. నా మటుకు నాకు మొదటి ప్రశ్న: అతని కుర్చీని కదిలించే శక్తి ఆ ఊరి జనానికి ఉందా? యానాం జనం 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య వెంట నిలిచి జెండా మార్చారు. ఆ నవంబరులో పాలన చేతికొచ్చింది, 1962 ఆగస్టులో కాగితం పని పూర్తయింది. ఇప్పుడు పుదుచ్చేరి శాసనసభలో వాళ్ళకంటూ ఒక ఎమ్మెల్యే ఉన్నాడు. 2011 లెక్కల్లో జనాభా 55,626. దూరం అదే, కానీ లెక్క అడిగే మనిషి ఒకడున్నాడు.

ఇక మా బడంగ్‌పేట్. మా నాన్న ప్లాటు కొన్నప్పుడు ఇది గ్రామపంచాయతీ. డ్రైనేజీ వచ్చేస్తుందని లేఅవుట్ ఆయన ప్రమాణం చేశాడు. తర్వాత నగర పంచాయతీ అయింది, 2019లో కార్పొరేషన్ అయింది. బోర్డులు మారాయి, మా సందులో మురుగు మారలేదు. ఆఫీసుల్ని తిట్టడం తేలికే. మావాడు అలా తిడుతుంటే నేనూ తలూపుతూ కూర్చున్నా. అప్పుడు మా ఆవిడ కూర వడ్డిస్తూ ఒక్క మాట అడిగింది: "ఇంతకీ మీ ముగ్గురి ఓటూ ఎక్కడుంది?"

నాది కాకినాడలో. ఒకడిది గుంటూరు, ఇంకొకడిది ఖమ్మం. ముగ్గురం నోరు మూసుకుని పెరుగన్నం తిన్నాం.

ఆలోచించండి. మా కాలనీలో సగం మంది మాలాంటి వాళ్ళే. ఈఎంఐ ఇక్కడ, ఓటు అక్కడ, సంక్రాంతికి బస్సు టికెట్టుకి తిట్లు. ఇక్కడి నాయకుడికి మనం ఓటర్లం కాదు, ఇంటి పన్ను కట్టే నంబర్లం. ఫ్రెంచి వాడు మనవాళ్ళని వేరే జాబితాలో రాశాడు. మనం ఎవరూ చెప్పకుండానే జాబితాలోంచి తప్పుకున్నాం.

నిన్న రాత్రి ఫారం 8 నింపాను, ఓటు ఇక్కడికి మార్చమని. దానితో డ్రైనేజీ వచ్చేస్తుందని కాదు. కనీసం తిట్టే హక్కన్నా ఉంటుందని :)

మీ ఓటెక్కడుంది?