కృత్రిమ సూర్యుడూ, మన షెడ్డుకు కరెంటూ

అస్కా, బరంపురం వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వెళ్ళిన వాళ్ళందరికీ హజీరా పేరు తెలుసు. సూరత్ పక్కన సముద్రం ఒడ్డున ఉన్న ఆ పారిశ్రామిక వాడలో లార్సెన్ అండ్ టూబ్రో కార్ఖానా ఉంది. దక్షిణ ఫ్రాన్సులో మన దేశంతో సహా ఏడుగురు భాగస్వాములు కలిసి కడుతున్న 'ఈటర్' ప్రయోగ కేంద్రానికి సుమారు 3,850 టన్నుల ఉక్కు పాత్రను భాగాలు భాగాలుగా అక్కడే తయారు చేశారు. ఆఖరి భాగాన్ని 2020 జూన్ 30న జెండా ఊపి పంపారు. అంతకు ముందు నెలలోనే మన గంజాం మగ్గం కార్మికులు పని పోయి, అదే సూరత్ నుంచి శ్రామిక రైళ్ళలో వచ్చి జగన్నాథపూర్ స్టేషన్లో దిగారు. పత్రికలు ఈ రెండు వార్తలనూ పక్కపక్కన వేయలేదు. మేము వేస్తున్నాము.

ఆ పాత్ర దేనికంటే, సూర్యుడిలో జరిగే పనిని నేల మీద చేయడానికి. సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానిలో ఒకటి కలిసి హీలియం అవుతాయి. అప్పుడు పుట్టే శక్తే మనకు ఎండ. దీనినే కేంద్రక సంలీనం, ఫ్యూజన్ అంటారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెడతామంటున్న అణు కేంద్రం వేరు, అది యురేనియాన్ని చీల్చే రకం. ఫ్యూజన్‌కు కావలసిన ఇంధనం సముద్రపు నీటిలోనూ లిథియంలోనూ దొరుకుతుంది. బొగ్గు పొగ ఉండదు. చెర్నోబిల్ మాదిరి అదుపు తప్పేది కూడా కాదు. ఇంతవరకు నిజమే.

కాని 15 కోట్ల డిగ్రీల వేడిని గోడకు తగలకుండా అయస్కాంతాల మధ్య నిలబెట్టాలి. లేజర్లతో చేసే దారి ఇంకొకటి ఉంది. 2022 డిసెంబరులో అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాల 2.05 మెగాజౌళ్ళ లేజర్ శక్తి పెట్టి 3.15 మెగాజౌళ్ళు రాబట్టింది. లోకమంతా చప్పట్లు కొట్టింది. ఆ లేజర్లు వెలగడానికి లైను నుంచి లాగిన కరెంటు మాత్రం సుమారు 300 మెగాజౌళ్ళు! వంద కిలోల పత్తి పోసి కిలో నూలు తీస్తే మన సూపర్‌వైజరు ఊరుకుంటాడా? ఇక ఈటర్‌లో అసలు ఇంధనంతో జరగవలసిన ప్రయోగాన్ని 2024లో 2039కి జరిపారు. అప్పటికి ఇప్పటి పాతికేళ్ళ డాఫర్‌కు నలభై దగ్గరపడుతుంది. అదీ ప్రయోగమే, అక్కడి నుంచి ఒక్క బల్బుకూ కరెంటు రాదు.

మేము సైన్సుకు వ్యతిరేకులం కాము. గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థ 1989లోనే 'ఆదిత్య' యంత్రాన్ని నడిపింది. ఆ పని సాగాలి. కాని రేపటి సూర్యుణ్ణి చూపించి ఈనాటి ఎండను వదులుకోమంటే ఒప్పుకోము. 2010లో జరిగిన మొదటి జాతీయ సోలార్ టెండర్లలో యూనిట్ సుమారు 12 రూపాయలు పలికింది. 2020 డిసెంబరులో గుజరాత్‌లో 1 రూపాయి 99 పైసలకు దిగింది. 2025 జనవరి నాటికి దేశంలో సోలార్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. ఆంధ్ర, ఒడిశా కలిసి నడుపుతున్న మాచ్‌ఖండ్ 1955 నుంచి నీటితోనే కరెంటు ఇస్తున్నది. చెరకు పిప్పితో బాయిలరు మండించే సంగతి అస్కా వాళ్ళకు మేము చెప్పనక్కరలేదు.

ఎండకు రాత్రి షిఫ్టు లేదు, మనకు ఉంది. అందుకే సోలార్ ఒక్కటే చాలదు. గాలి, నీరు, బ్యాటరీ తోడు కావాలి. వాటికి పెట్టుబడి కావాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు నేలకొరిగి జిల్లా చీకటిలో పడింది. పడిపోయిన లైను మీద ఏ కరెంటైనా ఒకటే.

అసలు మన కడుపు మీద కొట్టేది మరొకటి. 2012లోనూ, మళ్ళీ 2022 ఏప్రిల్‌లోనూ ఆంధ్రలో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. పెద్ద మిల్లులో లే-ఆఫ్ చేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, కాని కరెంటు కొరత కారణమైతే ముందు అనుమతి అక్కరలేదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ మినహాయింపును 2020 కోడ్‌లో కూడా అలాగే ఉంచారు. లే-ఆఫ్ అయిన వాడికి బేసిక్, డి.ఎ.లలో సగం వస్తుంది. ఏడాది నిండని బదిలీ కార్మికుడికి అదీ లేదు. ఎండ చవకగా దొరికే కాలంలో 'కరెంటు లేదు' అనే మాట యాజమాన్యానికి ఇంత సులువుగా ఎందుకు చెల్లాలి?

తమిళనాడు నూలు మిల్లుల యజమానులు 1990లలోనే సొంత గాలిమరలు పెట్టుకున్నారు. వాళ్ళకు కరెంటు ఖర్చు తగ్గింది. మన వైపు మిల్లుల కప్పుల మీదా రేపు సోలార్ పలకలు వస్తాయి, రావాలి. కాని తగ్గిన బిల్లు ఎవరి ఖాతాలోకి పోతుందో మనం అడగకపోతే ఎవరూ చెప్పరు. బొగ్గు తగ్గితే తాల్చేరు గని కార్మికుల గతి ఏమిటో కూడా మనమే అడగాలి. వాళ్ళూ మన వాళ్ళే.

కాబట్టి వచ్చే వేతన ఒప్పందం చర్చలకు కూర్చునే ముందు ప్రతి యూనిట్ కమిటీ మూడేళ్ళ కరెంటు బిల్లులు చూపమని యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగాలి. లే-ఆఫ్ అయిన రోజుల లెక్కను దానితో జతచేసి గేటు మీటింగులో చదవాలి.