అవ్వ తండ్రి పేరు ఏ కాయితంలో?

మల్దకల్ తిమ్మప్ప జాతరలో ఓ అవ్వ నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. "సారూ, మా తమ్ముడు మీ బళ్లె సదివిండు. వాని పేరు పక్కన మా నాయిన పేరుంటది గద, జర సూడు సారూ" అంది. తమ్ముడి వివరం ఆమెకెందుకు? తాను ఫలానా తండ్రి బిడ్డనని చూపే కాయితం ఆమెకు ఒక్కటీ లేదు.

ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుందని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెప్పింది. ఆనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే హక్కు అడిగే ముందు కూతురినని రుజువు చేసుకోవాలి. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డలో డెబ్బై ఏళ్ల ఆడమనిషి అక్కడే ఆగిపోతున్నది. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. ఈమె అప్పటికే పుట్టి పెరిగింది. బడి ముఖం చూడలేదు. 1989 దాకా ఓటుకు 21 ఏళ్లు నిండాలి. పదిహేనేళ్లకే పెళ్లయిన పిల్ల ఓటరు జాబితాకెక్కేసరికి పేరు పక్కన భర్త పేరే పడింది. రేషన్ కార్డులోనూ అంతే. 1954-55 నాటి భూమి రికార్డు, ఖాస్రా పహాణీ, తీస్తే తండ్రి పేరు, సర్వే నంబరు దొరుకుతాయి. ఆడపిల్లల ఊసుండదు.

రాసిపెట్టిన పుస్తకం ఒకటుంటే ఎంత తేడానో చూడండి. ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛ ఇచ్చిన నాంట్ శాసనాన్ని 1685లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ రద్దు చేస్తే ఫ్రాన్సులోని ప్రొటెస్టెంట్లు, అంటే హ్యూగెనాట్లు, దేశం విడిచి పారిపోయారు. లండన్ చేరినవాళ్ల వారసులు ఇవాళ తమ వంశం వెతుక్కోగలుగుతున్నారంటే, త్రెడ్‌నీడిల్ వీధిలోని ఫ్రెంచి చర్చి బాప్తిస్మం పుస్తకాల్లో బిడ్డ పేరుతోపాటు తల్లిదండ్రుల పేర్లు రాసిపెట్టడం వల్లే. 1885లో ఏర్పడిన హ్యూగెనాట్ సొసైటీ అలాంటి పుస్తకాలను అచ్చు వేయించింది. సముద్రం దాటి పారిపోయినవాళ్లకు దొరికిన ఆధారం, పక్క ఊరికి కాపురానికి వెళ్లిన మన అవ్వకు దొరకడం లేదు.

మన దగ్గర చర్చి పుస్తకానికి సాటి వచ్చేది బడి అడ్మిషన్ రిజిస్టరే. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు అందులో ఉంటాయి. ఏళ్ల తరబడి ఆ గళ్లు నింపినవాణ్ని కనుక చెబుతున్నాను, పాత రిజిస్టర్లు చెదలపాలు కాకముందే ప్రతి పుటా స్కాన్ చేయించాలి. ఉర్దూలో ఉన్న భూమి రికార్డులకు తెలుగు నకళ్లివ్వాలి.

అంతకంటే తొందర పని ఇంకొకటుంది. తమ్ముడి రిజిస్టర్ తండ్రి ఎవరో చెబుతుందే గాని, ఈమె అతని అక్క అని చెప్పదు. అది చెప్పగలిగేది ఊరివాళ్లే. బంధుత్వం తెలిసినవాళ్ల సాక్ష్యానికి 1872 నాటి సాక్ష్య చట్టమే చోటిచ్చింది, 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ దాన్ని ఉంచింది. మరి తహసీల్ ఆఫీసుల్లో కాయితం లేదన్న ఒక్క మాటతో ఈ ఆడవాళ్లను ఎందుకు వెనక్కి పంపాలి? గ్రామసభ పెట్టి, ఆమెను చిన్ననాటి నుంచి ఎరిగిన ముసలివాళ్ల వాంగ్మూలం పంచనామాగా రాసుకోవచ్చు. ఆ అవ్వ పుట్టింటి వీధిలో అలాంటివాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. అందరూ ఎనభై దాటినవాళ్లు.