నిర్వహణ మనకు, యాజమాన్యం ఎవరికి?

ఈమధ్య ఒక శిక్షణకి వెళ్లాను. విషయం సంస్థల నిర్వహణ, దాని మౌలిక సూత్రాలు. రెండు రోజులపాటు బోర్డు మీద ఐదు మాటలు రాశారు, చెరిపారు, మళ్లీ రాశారు. ప్రణాళిక, వ్యవస్థీకరణ, సిబ్బంది నియామకం, నిర్దేశం, నియంత్రణ. రెండోరోజు మధ్యాహ్నం వెనక వరుసలోంచి ఒక గ్రామస్థాయి కార్యకర్త లేచి, ‘‘మేడమ్, ఈ ఐదింట్లో మా పని ఏది?’’ అని అడిగింది. శిక్షణ ఇస్తున్నామె కాసేపు ఆలోచించి, ‘‘మీది అమలు’’ అంది. అమలు అనే మాట ఆ బోర్డు మీద ఎక్కడా లేదు!

ఆ జవాబు గురించే ఈ వ్యాసం.

మేనేజ్‌మెంట్ అన్న దానికి తెలుగులో రెండు మాటలున్నాయి. కామర్స్ పుస్తకాల్లో నిర్వహణ అని కనిపిస్తుంది. సమ్మె కరపత్రాల్లో యాజమాన్యం అని కనిపిస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా ఆడవాళ్లకి ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. వచ్చిన నాలుగు రూపాయల్లోనే బియ్యం, పిల్లల ఫీజు, అత్తగారి మందులు సర్దుకొచ్చేది ఆమె. అది నిర్వహణ. పొలం ఎవరి పేరున రాయాలో, కూతురు చదువు ఎప్పుడు మాన్పించాలో తేల్చేది ఆయన. అది యాజమాన్యం. ఈ విభజన మీద దశాబ్దాలుగా పోరాడుతున్నామని చెప్పుకునే మనం, మన సంస్థల్లో దాన్నే మళ్లీ ఎందుకు కట్టుకున్నాం?

నిర్వహణ అనే మాట వింటేనే మనలో కొందరికి గిట్టదు. మనది ఉద్యమం, కంపెనీ కాదు అంటారు. ఈ వాదనతో నేను ఏకీభవించను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం నిర్వహణ లేకుండానే నడిచిందా? ఊరూరా దుకాణాలు మూయించడానికి, వేలంపాటలు అడ్డుకోవడానికి ఆలోచన కావాలి, పని పంచుకోవాలి, ఇచ్చిన మాట మీద నిలబడ్డారో లేదో చూసుకోవాలి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం ఊరికే రాలేదు. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది ప్రభుత్వం, ఆ ఆడవాళ్లు కాదు. ప్రణాళిక వేసినవాళ్లూ, అమలు చేసినవాళ్లూ ఒకరే కావడం ఆ పోరాటం బలం.

పద్ధతులేమీ లేకపోతే సమానత్వం దానంతటదే వస్తుందన్నదీ భ్రమే. అమెరికన్ స్త్రీవాది జో ఫ్రీమన్ 1970ల మొదట్లోనే ఈ సంగతి రాసింది. రాసుకున్న నియమాలు లేనిచోట అధికారం మాయం కాదు, స్నేహితుల గుంపులోకి పోయి దాక్కుంటుంది. దాన్ని ప్రశ్నించడానికి కూడా చోటు దొరకదు. ‘మనమంతా ఒక కుటుంబం’ అనే సంస్థల్లో పనిచేసినవాళ్లకి ఇది అనుభవమే. కుటుంబం ఎంత ప్రజాస్వామికమో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

కాబట్టి గొడవ నిర్వహణ సూత్రాలతో కాదు. వాటిలో ఏవి నేర్చుకుని ఏవి వదిలేశాం అన్నదానితో. ఈ శిక్షణలన్నిటికీ మూలపురుషుడు హెన్రీ ఫేయోల్. ఫ్రెంచి గనుల ఇంజనీరు. 1916లో 14 సూత్రాలు ప్రకటించాడు. ఆయన కార్మిక నాయకుడేమీ కాదు, కంపెనీని నడిపిన మనిషి. ఒకరి ఆజ్ఞకే లోబడటం, క్రమశిక్షణ, పైనుంచి కిందికి మెట్ల వరస, ఇవి ఆయన చెప్పినవే. వీటిని మనం కంఠస్థం చేశాం. కానీ అదే జాబితాలో బాధ్యతకు తగిన అధికారం ఉండాలని ఉంది. న్యాయమైన వేతనం ఉంది. సమదృష్టి ఉంది. ఉద్యోగ స్థిరత్వం ఉంది. చొరవకు చోటివ్వాలని ఉంది. గనుల యజమానుల పక్షాన నిలబడ్డ మనిషి నూరేళ్ల కిందట ఒప్పుకున్న సంగతులు, మహిళా హక్కుల సంస్థలకి ఇప్పటికీ ఎందుకు మింగుడు పడటం లేదు?

బాధ్యత, అధికారం సంగతే చూద్దాం. అర్ధరాత్రి మొగుడు కొట్టి తరిమేసిన మనిషిని ఎక్కడికి తీసుకెళ్లాలో తేల్చుకోవాల్సింది కార్యకర్త. ఆ నిర్ణయంలో తేడా వస్తే సంజాయిషీ ఇచ్చేదీ ఆమే. కానీ ఆ రాత్రి పెట్టిన ఆటో ఖర్చు చేతికి రావాలంటే మూడు సంతకాలు కావాలి.

ఇక వేతనం. మనం దాన్ని గౌరవ వేతనం అంటాం. గౌరవం ఎక్కువ, వేతనం తక్కువ. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. వాళ్లు గ్రాట్యుటీకి అర్హులని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి సమ్మె శిబిరాలకి మనం బ్యానర్లు పట్టుకుని వెళ్తాం. తిరిగి ఆఫీసుకి వచ్చాక మన కార్యకర్త జీతం అడిగితే, ‘నువ్వు వాలంటీర్‌వి కదా’ అంటాం. ప్రభుత్వం మాట్లాడితే దోపిడీ అయిన భాష, మనం మాట్లాడితే సేవ ఎలా అవుతుంది?

ఈ భాష ఎంత ప్రమాదకరమో భన్వరీదేవి ఉదంతం చూశాక కూడా తెలియలేదంటే నమ్మలేం. ఆమె రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్. కార్యక్రమం అప్పగించిన పనిలో భాగంగా బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. ఆ అన్యాయం నుంచే 1997లో విశాఖ తీర్పు, 2013లో పనిస్థలంలో లైంగిక వేధింపుల చట్టం వచ్చాయి. ఆ చట్టం జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లను కూడా ఉద్యోగులుగానే లెక్కిస్తుంది. చట్టం ఉద్యోగి అంటున్న మనిషిని మనం కాదంటున్నాం.

నిధులు లేవు, ఏం చేయమంటారు అని సంచాలకులు అడుగుతారు. అది అబద్ధం కాదు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధిని మరో సంస్థకి ఇవ్వకూడదన్నారు. చిన్న సంస్థలు కుదేలయ్యాయి. పైనుంచి వచ్చిన ఒత్తిడి మన తప్పు కాదు, నిజమే. దాన్ని మొత్తంగా అందరికంటే కిందనున్న మనిషి నెత్తిన దించడం మాత్రం మన నిర్ణయమే. ఆ నిర్ణయం తీసుకున్న గదిలో ఆమె లేదు.

చివరిగా నియంత్రణ. కార్యకర్త ఏ ఊళ్లో ఉందో ఫోన్ ఫొటోతో రుజువు చేసుకోవాలి. మరి పైవాళ్ల ప్రయాణాల బిల్లులు ఎవరు చూస్తున్నారు? నియంత్రణ కిందికే చూస్తే ఏమవుతుందో 2010లో సూక్ష్మరుణ సంస్థలు మనకి చూపించాయి. వసూళ్ల శాతం లెక్కపెట్టారు. ఏం అమ్మి కడుతున్నారో, ఎవరి దగ్గర అప్పుచేసి కడుతున్నారో లెక్కపెట్టలేదు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అంతవరకూ కాగితం మీద లెక్కలన్నీ సవ్యంగానే ఉన్నాయి.

నిర్వహణ శాస్త్రంలో ఒక స్త్రీ కూడా ఉంది. మేరీ పార్కర్ ఫోలెట్. బోస్టన్ బస్తీల్లో సామాజిక కేంద్రాలు నడిపిన అనుభవం నుంచి 1920లలో ఆమె ఒక తేడా చెప్పింది. ఒకరి మీద చెలాయించే అధికారం వేరు, కలిసి పెంచుకునే అధికారం వేరు. మన శిక్షణల్లో ఆమె పేరు ఎందుకు వినపడదు?

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. ప్రతి కార్యకర్తకీ నియామక పత్రం. ప్రతిపాదన దాతల దగ్గరికి వెళ్లకముందే క్షేత్రస్థాయి వాళ్లతో చర్చ. మూడు నెలలకొకసారి జమాఖర్చులు తెలుగులో అందరి ముందూ చదివి వినిపించడం. సంచాలకుల పనిమీద కూడా కార్యకర్తల మూల్యాంకన. వేధింపుల కమిటీలో గ్రామస్థాయి మనిషికి చోటు. వీటిలో మొదటి మూడింటికీ అదనంగా ఖర్చయ్యేది కాగితం, కొంచెం సమయం మాత్రమే. అయినా జరగడం లేదంటే అడ్డుపడుతున్నది డబ్బు కాదన్నమాట.

‘ఈ ఐదింట్లో మా పని ఏది?’ అని అడిగిన ఆమెకి ఆ రోజు సరైన జవాబు దొరకలేదు. ఐదూ మీవే అని చెప్పగలిగిన రోజున మన సంస్థలకి హక్కుల గురించి మాట్లాడే హక్కు వస్తుంది.